డబ్బా విప్పి చూశాకే డబ్బు తీయండి

(పాత ఆఫీసు డెస్క్‌టాప్‌ని తక్కువ ఖర్చులో గేమింగ్‌కి సిద్ధం చేసుకోవడంపై హన్మకొండలో విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లు, చెల్లెళ్లు కాస్త ముందుకు రండి. ఈ బల్ల మీద ఉన్నదాన్ని దగ్గర నుంచి చూస్తేనే నా మాటలు ఉపయోగపడతాయి.

ఇది డెల్ ఆప్టిప్లెక్స్ 7050, మినీ టవర్. 2017 మోడల్. ఏదో ఆఫీసులో కొన్నేళ్లు పనిచేసి, అక్కడ కొత్తవి రాగానే లాట్‌లో అమ్ముడుపోయి, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి చేరింది. మనందరం సీటీసీ అంటాం కదా, అక్కడికి. అక్కడ కొని రైల్లో కాజీపేట దాకా తెచ్చాను. లోపల ఐ5-7500 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్ ఒకే ముక్క, 500 జీబీ హార్డ్ డిస్క్. గేమ్ బొమ్మల్ని గీసే గ్రాఫిక్స్ కార్డు లేదు. మీలో చాలామంది ఇళ్లలో ఇలాంటిదే ఉంటుందని నాకు తెలుసు. డెల్ కాకపోతే హెచ్‌పీ, లేకపోతే లెనోవో. చదువుకోసమని నాన్న కొనిపెట్టింది. దాని మీద జీటీఏ 5 ఆడాలని మీకుంటుంది. అందులో తప్పేమీ లేదు.

మీరు నన్ను మొదట అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అక్కా, ఏ కార్డు కొనాలి?" పద్దెనిమిదేళ్లుగా రిపేర్ల పనిలో ఉన్నాను. నేను ముందు అడిగేది మాత్రం వేరు: "నీ సిస్టమ్ మూత విప్పి చూశావా?"

ఎందుకడుగుతానో చెప్తాను. మూడేళ్ల కిందట ఇంటర్ చదివే ఒక అబ్బాయి మా షాపు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో ఆర్‌ఎక్స్ 580 కార్డు. వేసవంతా పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి వెళ్లి కూడబెట్టిన డబ్బంతా పెట్టి కొన్నాడు. అప్పట్లో అలాంటి కార్డులు సెకండ్ హ్యాండ్‌లో కుప్పలుగా దొరికేవి. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం అనే క్రిప్టో కరెన్సీ తన పద్ధతి మార్చుకుంది, గ్రాఫిక్స్ కార్డులతో లెక్కలు చేయించి దాన్ని సంపాదించడం, అంటే మైనింగ్, ఆ రోజుతో ఆగిపోయింది, ఆ కార్డులన్నీ బజారుకి వచ్చాయి. అబ్బాయి ధర చూశాడు, యూట్యూబ్‌లో ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకి ఎన్ని బొమ్మలు వస్తాయో, చూశాడు, కొన్నాడు. ఇంట్లో ఉన్నది సన్నటి పెట్టె, స్మాల్ ఫారం ఫ్యాక్టర్ అంటామే, అది. కార్డు అందులో పట్టనే పట్టదు. పట్టినా దానికి 8 పిన్నుల కరెంటు కేబుల్ కావాలి, ఆ పెట్టెలో అన్నిటికీ కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌కి అలాంటి కేబులే లేదు. కేబుల్ ఉన్నా ఆ కార్డు ఒక్కటే 185 వాట్లు అడుగుతుంది, ఆ ఎస్‌ఎంపీఎస్ మొత్తం ఇవ్వగలిగేదే 180. అమ్మినవాళ్లు నీది ఏ సిస్టమ్ అని ఒక్కసారి కూడా అడగలేదు. వాపసు కూడా తీసుకోలేదు.

ఆ పిల్లవాడి ముఖం నాకింకా గుర్తుంది. అందుకే ఎక్కడ పిలిచినా వచ్చి ఈ మాటలు చెప్తున్నాను.

ఇప్పుడు ఈ మూత విప్పుతున్నాను. ప్లగ్ తీసేశాను, చూడండి. స్విచ్ ఆపితే చాలదు, గోడ నుంచి ప్లగ్ తీయాలి. తీశాక పవర్ బటన్ ఒకసారి నొక్కితే మిగిలిన కరెంటు పోతుంది. లోపల చేయి పెట్టేముందు పెట్టె ఇనుము భాగాన్ని ఒకసారి ముట్టుకోవాలి, ఒంట్లో ఉన్న స్టాటిక్ అక్కడ దిగిపోతుంది.

ఇదిగో ఎస్‌ఎంపీఎస్. దీని ఒంటి మీద స్టిక్కర్ ఉంది. తమ్ముడూ, నువ్వు చదువు. 240 వాట్లు. అవును. మనం ఖర్చు పెట్టబోయే ప్రతి రూపాయికీ హద్దు గీసేది ఈ అంకె. ఎసరు చూడకుండా బియ్యం పోస్తే ఏమవుతుందో మీ అమ్మని అడగండి.

లెక్క వేద్దాం. ఐ5-7500కి 65 వాట్లు. మదర్‌బోర్డు, ర్యామ్, డిస్క్, ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 35, 40 అనుకోండి. అంటే 105 దాకా పోయింది. ఎస్‌ఎంపీఎస్‌ని అంచుదాకా ఎప్పుడూ వాడకూడదు, మన ఎండాకాలంలో అసలే వాడకూడదు. రామగుండం, కొత్తగూడెం వైపు నుంచి వచ్చినవాళ్లకి నేను చెప్పక్కర్లేదు, మే నెలలో ఫ్యాన్ వేసినా గదిలో గాలి వేడిగానే వస్తుంది. కాబట్టి కార్డుకి మిగిలేది 75, మహా అయితే 80 వాట్లు.

ఆ 75 అనే అంకె ఇంకోచోట కూడా వస్తుంది. కార్డు గుచ్చే ఈ పొడుగాటి స్లాట్ ఉంది కదా, పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్, ఇది నిబంధన ప్రకారం ఇవ్వగలిగేది 75 వాట్లే. అంతకంటే ఎక్కువ కావాలంటే కార్డుకి విడిగా కేబుల్ రావాలి. 6 పిన్నులదైతే ఇంకో 75, 8 పిన్నులదైతే 150. మన ఆఫీసు డబ్బాల్లో ఆ కేబుళ్లు సాధారణంగా ఉండవు. అంటే ఎస్‌ఎంపీఎస్ లెక్కన చూసినా, స్లాట్ లెక్కన చూసినా మనం చేరేది ఒకే చోటికి: విడిగా కేబుల్ అడగని, 75 వాట్లు దాటని కార్డు.

అలాంటివి ఏమున్నాయి? 2016లో వచ్చిన జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ. 2019 ఏప్రిల్‌లో వచ్చిన జీటీఎక్స్ 1650, ఇదీ 4 జీబీ. ఈ 1650 విషయంలో ఒక జాగ్రత్త. దీన్ని చాలా కంపెనీలు తయారుచేశాయి, కొన్ని వేగం పెంచి 6 పిన్నుల సాకెట్ పెట్టాయి. పేరు ఒకటే, కార్డు వేరు. కొనేటప్పుడు కార్డు చివర, పైఅంచున వేలితో తడిమి చూడండి, సాకెట్ ఉంటే అది మనకి కాదు. ఆ తర్వాత 2024 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 70 వాట్లు. ఇక్కడ కూడా అంతే జాగ్రత్త, 3050లో 8 జీబీది కూడా ఉంది, దానికి కేబుల్ కావాలి. 6 జీబీది మాత్రమే అడగండి. కొత్త కార్డు కొనగలిగే డబ్బుంటే ఈ పెట్టెకి నేను మొదట చెప్పేది ఇదే. మెమరీ ఎక్కువ, పైగా చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపించే డీఎల్‌ఎస్‌ఎస్ పనిచేస్తుంది.

ఏఎండీ వైపు ఆర్‌ఎక్స్ 6400 ఉంది, 2022ది, 53 వాట్లే. వాట్లు చూసి చాలామంది దానివైపు పోతారు. మన పాత సిస్టమ్‌లో దానికి ఒక ఇబ్బంది ఉంది. స్లాట్‌కి 16 దారులుంటే ఆ కార్డు 4 దారులే వాడుకుంటుంది. కొత్త బోర్డుల్లో దారి వెడల్పు ఎక్కువ కాబట్టి సరిపోతుంది. 2017 బోర్డులో పీసీఐ ఎక్స్‌ప్రెస్ 3.0, అంటే ఒక్కో దారి వెడల్పు సగం. గేమ్ ఆ 4 జీబీ మెమరీని నింపేసిందంటే డేటా ఆ ఇరుకు దారిలో అటూ ఇటూ తిరగలేక ఆట కుదుపులు పడుతుంది. ఇంటెల్ ఆర్క్ ఏ380 ఇంకోటి. అది మంచి కార్డే, అయితే రీసైజబుల్ బార్ అనే సదుపాయం బోర్డులో ఉంటేనే దాని సత్తా తెలుస్తుంది. ఈ తరం ఆఫీసు బోర్డుల్లో అది రాదు.

ఇక కార్డు ఎత్తు. మినీ టవర్‌లో మామూలు కార్డు పడుతుంది. సన్నటి పెట్టెకైతే లో ప్రొఫైల్ కార్డు, అంటే ఎత్తు తక్కువది, దానికి పెట్టె వెనక బిగించే పొట్టి ఇనుప బ్రాకెట్ ఉండాలి. సెకండ్ హ్యాండ్‌లో కొంటే ఆ పొట్టి బ్రాకెట్ ఇచ్చారో లేదో చూసుకోండి, తర్వాత విడిగా వెతకాలంటే నరకం. కార్డు పొడవుని కూడా టేపు పెట్టి కొలవండి, ముందు వైపు హార్డ్ డిస్క్ పెట్టే అర అడ్డం వస్తుంది.

(సభలోంచి ఒక విద్యార్థి: "అక్కా, ఎస్‌ఎంపీఎస్సే మార్చేస్తే సరిపోతుంది కదా?")

మంచి ప్రశ్న. అందరికీ వచ్చే ఆలోచనే. మామూలు అసెంబుల్డ్ సిస్టమ్‌లో అయితే హాయిగా మార్చేయొచ్చు. ఇక్కడ చూడండి. మామూలు బోర్డుకి 24 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. ఈ బ్రాండెడ్ బోర్డుల్లో కంపెనీలు సొంత కనెక్టర్లు పెట్టుకున్నాయి, 6 పిన్నులు, 8 పిన్నులు, లెనోవోలో 14 పిన్నులు కూడా చూశాను. 24 నుంచి వాటికి మార్చే కన్వర్టర్ కేబుళ్లు దొరుకుతాయి, పనిచేస్తాయి. కాకపోతే మీ మోడల్ నంబరుకి సరిపోయేదే తీసుకోవాలి, ఒక కంపెనీది ఇంకో కంపెనీకి గుచ్చితే బోర్డు పోతుంది. కొన్ని పెట్టెల్లో మామూలు ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్ సైజు పట్టదు. కొన్ని మోడళ్లలో డిస్క్‌కి కరెంటు కూడా ఎస్‌ఎంపీఎస్ నుంచి కాకుండా బోర్డు నుంచే వస్తుంది. ఎస్‌ఎంపీఎస్, కన్వర్టర్, చివరికి క్యాబినెట్... ఇలా ఒకదాని వెనక ఒకటి కొంటూ పోతే, ఆ డబ్బుతో వేరే సిస్టమ్ వచ్చేది కదా అనిపించే చోటికి చేరతారు. అక్కడికి చేరకముందే ఆగమంటున్నాను.

మార్చే తీరాలంటే స్టిక్కర్ మీద పెద్ద అంకెని నమ్మొద్దు. 12 వోల్టుల వరస చూడండి. అక్కడ 18 ఆంపియర్లు అని ఉంటే 12 ఇంటూ 18, 216 వాట్లు. పైన 450 అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా ప్రాసెసర్‌కి, కార్డుకి అందేది ఆ 216 లోంచే. పేరూ ఊరూ లేని ఎస్‌ఎంపీఎస్ పేలి బోర్డునీ కార్డునీ వెంట తీసుకుపోయిన కేసులు మా బల్ల మీదకి ఎన్నో వచ్చాయి. ఆ ఒక్క వస్తువు దగ్గర బేరం ఆడొద్దు. దయచేసి ఆడొద్దు.

సరే, కార్డు సంగతి చాలాసేపు మాట్లాడాను. నిజానికి కార్డు కంటే ముందు చేయాల్సినవి రెండు. వాటికి ఖర్చు తక్కువ, కాబట్టి త్వరగా చెప్పేస్తాను.

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాలు లేని డిస్క్, పెట్టండి. తిరిగే డిస్క్ సెకనుకి 100, 150 ఎంబీ చదివితే, మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ 500 దాటుతుంది. దీనివల్ల ఎఫ్‌పీఎస్ పెరగదు, ఆ ఆశ పెట్టుకోకండి. లోడింగ్ తగ్గుతుంది, మధ్యలో ఆగి ఆగి నడవడం తగ్గుతుంది. సైబర్‌పంక్ 2077 లాంటి గేమ్ అయితే 2023 నుంచి కనీస అవసరాల్లోనే ఎస్‌ఎస్‌డీ కావాలంటోంది. ఈ 7050లో ఎం.2 స్లాట్ కూడా ఉంది, ఇదిగో ఇక్కడ, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన ఎస్‌ఎస్‌డీ పడుతుంది.

రెండోది ర్యామ్. 8 జీబీ ఒకే ముక్క ఉంది కదా, అలాంటిదే ఇంకో 8 పక్కన పెట్టండి. 16 అవ్వడం ఒక లాభం. అసలు లాభం రెండు ముక్కలుండటం. ఒక్క ముక్క డీడీఆర్4-2400 సెకనుకి 19.2 జీబీ ఇస్తుంది, రెండైతే 38.4. గ్రాఫిక్స్ కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మీదే ఆడేవాళ్లకి ఈ తేడా కళ్లకి కనబడుతుంది, ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ఇదే వాడుకుంటుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే సిస్టమ్ కొనేటప్పుడే రెండు ముక్కలున్నది అడగండి, విడిగా కొనే బాధ తప్పుతుంది.

ఏది కొనాలో సిస్టమే మీకు చెప్తుంది, అడిగే పద్ధతి తెలియాలి. మీ దగ్గర ఇప్పటికే చిన్న కార్డు ఉందనుకోండి. గేమ్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ చూడండి. గ్రాఫిక్స్ 95, 99 శాతంలో ఉంటే కార్డు అలిసిపోతోంది. ప్రాసెసర్ నూటికి చేరి గ్రాఫిక్స్ 60లో ఉంటే కార్డు మార్చి లాభం లేదు. ఇంకో సులువైన పరీక్ష ఉంది. రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డం కార్డు. ఏమీ పెరగకపోతే అడ్డం ప్రాసెసర్. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు, పది నిమిషాల పని. ఈ పరీక్ష చేయకుండా మా షాపుకి వచ్చి కార్డు అడిగితే వెనక్కి పంపేస్తాను, నిజంగానే పంపేస్తాను.

ప్రాసెసర్ గురించి అడుగుతారని తెలుసు. ఐ5-7500కి 4 కోర్లు, అంటే పనిచేసే భాగాలు, 4 థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిపే పనుల వరసలు. ఈ బోర్డులోనే ఐ7-7700 పెడితే కోర్లు అవే, థ్రెడ్లు 8 అవుతాయి. ఐ5 పక్కన గీత తర్వాత వచ్చే మొదటి అంకే తరం, ఇది 7వ తరం. సాకెట్ ఒకేలా ఉంది కదా అని 8వ తరం ఐ5-8500 తెచ్చి పెట్టకండి. సాకెట్ పేరు 1151 అనే ఉంటుంది, చూడ్డానికి ఒకేలా కూర్చుంటుంది, పనిచేయదు. ఇంటెల్ 8వ తరానికి వేరే చిప్‌సెట్ బోర్డు కావాలి.

ఇంకా సిస్టమే కొననివాళ్లు, ఇప్పుడే వెతుకుతున్నవాళ్లు, ఈ మాట జాగ్రత్తగా వినండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే. ఇప్పుడు 4వ తరం, 6వ తరం సిస్టమ్‌లు చవగ్గా వస్తున్నాయంటే కారణాల్లో అదొకటి. వాలరెంట్ ఆడేవాళ్లకి విండోస్ 11 మీద టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సదుపాయాలు రెండూ ఉండాలి, లేకపోతే గేమ్ తెరుచుకోదు. విండోస్ బదులు లినక్స్ పెట్టుకుని, గేములు అమ్మే స్టీమ్‌లో చాలా గేములు ఆడొచ్చు, విండోస్ గేముల్ని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ బాగా పనిచేస్తోంది, కానీ వాలరెంట్ లినక్స్‌లో నడవదు. కాబట్టి కొత్తగా కొనేవాళ్లు కాస్త ఎక్కువైనా 8వ తరం, ఐ5-8500 ఉన్న టవర్ తీసుకోండి. 6 కోర్లు వస్తాయి, కార్డు వేశాక ఇంకొన్నాళ్లు లాగుతుంది. సన్నటి పెట్టె, టవర్ రెండూ ఒకే ధరలో కనబడితే కళ్లు మూసుకుని టవర్.

మెట్ల మీద కూర్చున్న ఆ అబ్బాయి సంగతి మధ్యలో వదిలేశాను కదా. ఆ 580ని అసెంబుల్డ్ సిస్టమ్ ఉన్న ఇంకో కుర్రాడికి కొంత నష్టానికి అమ్మించాను. సన్నటి పెట్టెని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి, పైన కొంచెం కట్టి, మినీ టవర్ తీసుకున్నాం. సెకండ్ హ్యాండ్ 1650, సాకెట్ లేనిది, నేనే వెళ్లి చూసి తెచ్చాను. జీటీఏ 5 1080లో హాయిగా ఆడాడు. ఇప్పుడు బీటెక్‌లో ఉన్నాడు, ఆదివారాలు మా షాపులో పని నేర్చుకుంటాడు. మూత విప్పకుండా ఎవరికీ కార్డు పేరు చెప్పడు.

సెకండ్ హ్యాండ్ కార్డు ఎలా చూడాలో కూడా చెప్పాలి. నడిపి చూపించకుండా కొనొద్దు, అది మొదటి షరతు. కార్డు వివరాలు చూపే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి పేరు, మెమరీ సైజు, షేడర్ల (బొమ్మ లెక్కలు చేసే చిన్న భాగాల) సంఖ్య చూడండి. 1650కి 896 ఉండాలి, 1050 టీఐకి 768. పాత కార్డుకి కొత్త కార్డు పేరు ఎక్కించి అమ్మేవాళ్లున్నారు, పేరు ఒక్కటే చూస్తే మోసపోతారు. తర్వాత కార్డుకి పూర్తి భారం పెట్టే ఫర్‌మార్క్ అనే సాఫ్ట్‌వేర్ పదిహేను నిమిషాలు నడపండి. తెర మీద చుక్కలు, గీతలు వచ్చినా, వేడి 85 డిగ్రీలు దాటి ఎక్కుతూనే ఉన్నా వదిలేయండి. ఫ్యాన్లు చేత్తో తిప్పి చూడండి, గరగర శబ్దం రాకూడదు. వెనక స్క్రూల మీద గీతలుంటే ఎవరో విప్పారన్నమాట, ఎందుకు విప్పారని అడగండి. సిస్టమ్ కొనేటప్పుడైతే బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందు తెరుచుకునే సెట్టింగుల్లోకి, వెళ్లి పాస్‌వర్డ్ అడుగుతోందేమో చూడండి. ఆఫీసులవి కాబట్టి లాక్ వేసినవి తగులుతుంటాయి.

(ఒక తల్లి: "కరెంటు బిల్లు, షాకు ఏమైనా ఉంటాయా మేడం?")

బిల్లు లెక్క సులువమ్మా. ఈ సిస్టమ్ ఆటలో ఉన్నప్పుడు 180 వాట్లు తీసుకుంటుందనుకుందాం, మానిటర్ ఓ 20. మొత్తం 200. ఐదు గంటలు ఆడితే ఒక యూనిట్. రోజుకి ఐదు గంటలు ఆడనివ్వాలా వద్దా అనేది మీ ఇష్టం.

షాకు సంగతి మాత్రం మంచి మాట అడిగారు. పెట్టె ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోందని చాలామంది చెప్తారు. అది సిస్టమ్ తప్పు కాదు, ఇంట్లో ఎర్తింగ్ లేకపోవడం. ఎస్‌ఎంపీఎస్‌లో ఉండే ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు పెట్టె ఇనుముకి వస్తుంది, అది మూడో పిన్ను గుండా భూమిలోకి పోవాలి. ఆ దారి లేకపోతే మనిషి గుండా పోతుంది. కార్డు కొనేముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తింగ్ చూపించండి. యూపీఎస్ ఉంటే దాని లెక్కా చూడాలి. 600 వీఏ యూపీఎస్ మామూలుగా 360 వాట్లు మోస్తుంది, ఈ సిస్టమ్‌కి సరిపోతుంది. దానికే ప్రింటర్ తగిలించకండి.

డబ్బు అసలే లేనివాళ్లు కూడా ఇక్కడున్నారు, వాళ్లకి నేను చెప్పాల్సింది ఉంది. బ్లోయర్‌తో దుమ్ము ఊదండి, ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో పట్టుకోండి. ప్రాసెసర్ మీద వేడిని బయటికి చేరవేసే పేస్ట్ ఏళ్ల తరబడి ఎండిపోయి ఉంటుంది, అది మార్చడానికి ఒక చిన్న ట్యూబు చాలు. వేడి తగ్గితే ప్రాసెసర్ తన వేగం తగ్గించుకోదు. మానిటర్ 60 హెర్ట్జ్‌ది అయితే గేమ్‌లో ఎఫ్‌పీఎస్‌ని 60 దగ్గర ఆపేయండి, పైన వచ్చేవి తెర చూపించలేదు, వేడి మాత్రం పెరుగుతుంది. నీడలు తగ్గించండి. గేమ్‌లో ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సెట్టింగ్ కనబడితే పెట్టి చూడండి, అది పాత కార్డుల మీద కూడా పనిచేస్తుంది. చిన్న రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేసి చూపిస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్‌కి ఆర్‌టీఎక్స్ కార్డు కావాలి, ఎఫ్‌ఎస్‌ఆర్‌కి అక్కర్లేదు.

ఇప్పుడు కార్డు పెడుతున్నాను. అంచులు పట్టుకోవాలి, బంగారు రంగు కాళ్లు ముట్టుకోకూడదు. నిటారుగా దించి నొక్కితే టక్‌మని శబ్దం... విన్నారా? అది కూర్చున్న గుర్తు. వెనక లాచ్ బిగించాను. మానిటర్ కేబుల్ పాత చోట, బోర్డుకి కాదు, ఈ కింద కార్డుకి ఉన్న పోర్టులో గుచ్చాలి. కార్డు పెట్టి కేబుల్ బోర్డుకే ఉంచేసి నెల రోజులు పాత గ్రాఫిక్స్ మీదే ఆడినవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు.

స్విచ్ నువ్వు వేయి చెల్లీ. ...వచ్చింది. డ్రైవర్ ఎక్కడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

ఈ ఐదు నిమిషాల్లో ఒక పని చేద్దాం. సిస్టమ్‌లు మోసుకొచ్చినవాళ్లు అటు గోడ పక్కన వరసగా పెట్టుకోండి. స్క్రూ డ్రైవర్లు బల్ల మీద ఉన్నాయి. మూత విప్పి ముందు ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీది వాట్లు, 12 వోల్టుల దగ్గరున్న ఆంపియర్లు, సిస్టమ్ మోడల్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని ఒక్కొక్కరే నా దగ్గరికి రండి, ఏ కార్డు కొనాలో అప్పుడు మాట్లాడుకుందాం.